ఇటలీ ‘సీసపు ఏళ్లు’: ఒక నిజం తేలడానికి 45 ఏళ్లు ఎందుకు పట్టింది?

2025 జులై 1న ఇటలీ అత్యున్నత న్యాయస్థానం నయా ఫాసిస్టు పావోలో బెల్లీనికి పడిన యావజ్జీవ శిక్షను ఖరారు చేసింది. ఆయన మీద రుజువైన నేరం జరిగింది 1980 ఆగస్టు 2న. బొలోన్యా రైల్వే స్టేషన్‌లో బాంబు పేలి 85 మంది చనిపోయిన రోజు అది. ఆ రోజు పుట్టిన బిడ్డ ఇప్పుడు నడివయసులో ఉంటాడు. కోర్టులు నెమ్మదిగా నడుస్తాయి కదా అని సరిపెట్టుకోవడానికి లేదు. నిజాన్ని వెలికి తీయాల్సిన వాళ్లలోనే కొందరు దాన్ని తొక్కిపెట్టారు. ఇటలీ సొంత గడ్డ మీద పుట్టిన ఉగ్రవాదం గురించి చదివినప్పుడల్లా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే.

1960ల చివర నుంచి 1980ల మొదటి దాకా సాగిన ఆ కాలాన్ని ఇటాలియన్లు ‘సీసపు ఏళ్లు’ అంటారు. సీసం అంటే తూటా. కానీ కథ మొదలైంది బాంబుతో.

1969లో ఇటలీ ఉడికిపోతోంది. కార్ఖానాల్లో సమ్మెలు, యూనివర్సిటీల్లో ఆందోళనలు. పశ్చిమ యూరప్‌లోకెల్లా పెద్ద కమ్యూనిస్టు పార్టీ అక్కడే ఉంది, అది అధికారంలోకి వస్తుందేమోనని భయపడేవాళ్లు దేశం లోపలా బయటా ఉన్నారు. ఫాసిస్టు నియంత ముస్సోలిని పోయి పాతికేళ్లు కాలేదు, ఆయన భావాలు పట్టుకు వేలాడేవాళ్లు మాత్రం పోలేదు.

ఆ ఏడాది డిసెంబర్ 12 శుక్రవారం. మిలాన్‌లో పియాజ్జా ఫోంటానా దగ్గర ఒక వ్యవసాయ బ్యాంకు ఉండేది. చుట్టుపక్కల ఊళ్ల రైతులు, పశువుల బేరగాళ్లు శుక్రవారం అక్కడ చేరి లావాదేవీలు చూసుకునేవారు. అందుకని మిగతా బ్యాంకులు మూసేసినా అది తెరిచే ఉండేది. సాయంత్రం 4:37కి, హాలు జనంతో కిటకిటలాడుతుండగా బాంబు పేలింది. 17 మంది చనిపోయారు, 80 మందికి పైగా గాయపడ్డారు.

అదే రోజు మిలాన్‌లోనే మరో బ్యాంకులో పేలని బాంబు ఒకటి దొరికింది. దర్యాప్తు చేసేవాళ్లకు అంతకన్నా ఏం కావాలి? టైమర్, మందుగుండు, అది పెట్టిన సంచి అన్నీ చేతిలో ఉన్నాయి. ఆ రాత్రే దాన్ని పేల్చేశారు. ముఖ్యమైన ఆధారం చేతులారా పోయింది.

పోలీసులు ప్రభుత్వమే వద్దనే అనార్కిస్టుల మీద పడ్డారు. వాళ్లలో జూసెప్పె పినెల్లి రైల్వే ఉద్యోగి. పోలీసు స్టేషన్‌కు రమ్మంటే తన మోపెడ్ మీద పోలీసు కారు వెనకాలే వెళ్లాడు. చట్టం ఒప్పుకునే 48 గంటలు దాటాక కూడా ఇంటికి పంపలేదు. డిసెంబర్ 15 అర్ధరాత్రి పోలీసు భవనం నాలుగో అంతస్తు కిటికీలోంచి కింద పడి చనిపోయాడు. పోలీసులు ముందు ఆత్మహత్య అన్నారు. 1975లో విచారణ జడ్జి అది హత్యా కాదు, ఆత్మహత్యా కాదు, ఒంట్లో బాగోక తూలి పడ్డాడని తేల్చారు. పినెల్లికి బాంబుతో ఏ సంబంధమూ లేదు. పియెత్రో వల్‌ప్రేదా అనే డ్యాన్సర్‌ను అసలు దోషి అంటూ మూడేళ్లు జైల్లో ఉంచారు. అతనూ నిర్దోషే.

పినెల్లి చావుకు కారణం పోలీసు అధికారి లుయీజీ కలబ్రేసి అని కరపత్రాలు, పత్రికలు గొంతెత్తాయి. ఆ సమయంలో ఆయన గదిలో లేరని తర్వాత తేలింది. 1972 మే 17న ఇంటి ముందే ఆయన్ను కాల్చి చంపారు. వామపక్ష తీవ్రవాద బృందం ‘లోత్తా కొంతీనువా’కు చెందిన వాళ్లకు ఆ కేసులో శిక్ష ఖరారు కావడానికి పాతికేళ్లు పట్టింది. బ్యాంకు బాంబు తీసింది 17 ప్రాణాలే కాదు, దాని వెంట ఇవీ పోయాయి.

ఇంతకీ బ్యాంకులో బాంబు పెట్టిందెవరు? ‘ఓర్దినె నువోవో’ అనే నయా ఫాసిస్టు సంస్థ వాళ్లు. విచారణను మిలాన్ నుంచి తీసి వెయ్యి కిలోమీటర్ల దూరంలో దేశం కొసన ఉన్న కతన్‌జారోకు మార్చారు. నిఘా సంస్థ అధికారులే ఒక అనుమానితుణ్ణి దేశం దాటించారు. ఆ నేరానికి ఇద్దరు అధికారులకు శిక్ష కూడా పడింది. చివరికి 2005లో సుప్రీంకోర్టు ఫ్రాంకో ఫ్రెడా, జొవాన్ని వెంతూరా బాధ్యులని చెప్పింది. కానీ అప్పటికే వాళ్లిద్దరినీ వేరే విచారణలో తుది తీర్పుతో వదిలేశారు, మళ్లీ విచారించడానికి లేదు. పైగా కోర్టు ఖర్చులు కట్టమని మృతుల కుటుంబాలకే చెప్పారు. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది.

1974 మే 28న బ్రెషియాలో ఫాసిస్టు వ్యతిరేక సభ జరుగుతుండగా చెత్తడబ్బాలో పెట్టిన బాంబు పేలి 8 మంది చనిపోయారు. గంటలు గడవకముందే చౌరస్తాను నీళ్లతో కడిగేశారు. అక్కడ తుది శిక్షలు 2017లో పడ్డాయి. జనంలో భయం పెంచి, కఠిన పాలన కావాలని వాళ్ల నోటితోనే అనిపించడమే ఈ బాంబుల ఉద్దేశమని దర్యాప్తులు చెప్పాయి. దానికి ఇటలీలో స్థిరపడిన పేరు ‘టెన్షన్ వ్యూహం’.

వామపక్ష హింస తీరు వేరు. 1970లో పుట్టిన రెడ్ బ్రిగేడ్స్ అనే సాయుధ సంస్థ జనం మధ్య బాంబులు పెట్టలేదు, మనుషుల్ని ఎంచుకుని కాల్చింది. 1978 మార్చి 16న మాజీ ప్రధాని ఆల్డో మోరోను కిడ్నాప్ చేసి, ఆయన వెంట ఉన్న ఐదుగురు రక్షకులను చంపారు. 55 రోజుల తర్వాత, మే 9న, రోమ్ నడిబొడ్డున ఎర్ర రెనో కారు డిక్కీలో ఆయన శవం దొరికింది. దీని గురించి అందరూ రాస్తారు. నాకు మాత్రం గ్విడో రోస్సా గుర్తొస్తాడు. జెనోవా ఉక్కు కర్మాగారంలో కార్మికుడు, యూనియన్ మనిషి, కమ్యూనిస్టు. ఫ్యాక్టరీలో రెడ్ బ్రిగేడ్స్ కరపత్రాలు పెడుతున్న తోటి కార్మికుడి గురించి ఫిర్యాదు చేసి, కోర్టులో ఒంటరిగా సాక్ష్యం చెప్పాడు. 1979 జనవరి 24 తెల్లవారుజామున డ్యూటీకి బయల్దేరుతుంటే చంపేశారు. కార్మికుల కోసమే పోరాడుతున్నామన్న వాళ్లు ఒక కార్మికుణ్ణి చంపారు. అంత్యక్రియలకు లక్షల మంది వచ్చారు. ఫ్యాక్టరీల్లో ఆ సంస్థకున్న కొద్దిపాటి సానుభూతి ఆ రోజుతో పోయింది. తర్వాత పోలీసులకు సహకరించే వాళ్లకు శిక్ష తగ్గించే చట్టాలు వచ్చాయి, లోపలివాళ్లే నోరు విప్పారు, సంస్థ కూలిపోయింది.

బొలోన్యా ఇందుకు పూర్తిగా వేరు. 1980 ఆగస్టు మొదటి శనివారం, సెలవులకు బయల్దేరిన జనం. ఉదయం 10:25కి సెకండ్ క్లాస్ వెయిటింగ్ రూమ్‌లో బాంబు పేలింది. చనిపోయినవాళ్లలో మూడేళ్ల పాప కూడా ఉంది. అంబులెన్సులన్నీ గాయపడినవాళ్లకే చాలలేదు. 37 నంబర్ సిటీ బస్సు కిటికీలకు తెల్ల దుప్పట్లు కట్టి, రాత్రి దాకా అందులోనే శవాలను మార్చురీకి చేరవేశారు.

ఆరు నెలలు కూడా గడవకముందే, 1981 జనవరి 13న, అదే బొలోన్యాలో ఒక రైల్లో సూట్‌కేసు దొరికింది. లోపల ఆయుధాలు, స్టేషన్‌లో పేలినలాంటి మందుగుండు, ఇద్దరు విదేశీయుల పేర్ల మీద విమాన టికెట్లు. దోషులు బయటి దేశాల వాళ్లని నమ్మించడానికి దాన్ని అక్కడ పెట్టించింది సైనిక నిఘా సంస్థ అధికారులు. ‘పీ2’ అనే రహస్య సంఘం అధిపతి లీచో జెల్లికి కూడా దర్యాప్తును పక్కదారి పట్టించినందుకు శిక్ష పడింది.

మృతుల కుటుంబాలు 1981లో ఒక సంఘంగా ఏర్పడ్డాయి. తీర్పులు వచ్చి, కొట్టేసి, మళ్లీ వచ్చినా వాళ్లు వెనక్కి తగ్గలేదు. 1995లో ‘నార్’ అనే నయా ఫాసిస్టు ముఠాకు చెందిన వలేరియో ఫియొరవాంతి, ఫ్రాంచెస్కా మాంబ్రోలకు శిక్ష ఖాయమైంది. ఇద్దరూ ఈ నేరం చేయలేదనే అంటూ వచ్చారు. దర్యాప్తును దారి తప్పించడాన్ని ప్రత్యేక నేరంగా చూసే చట్టం 2016లో వచ్చింది. దాని కోసం ఎన్నో ఏళ్లు తిరిగింది ఆ సంఘం అప్పటి అధ్యక్షుడు పావోలో బొలొన్యేజీ.

డబ్బిచ్చి, పథకం వేసి బొలోన్యా బాంబు పెట్టించింది ఎవరన్నది చివరిదాకా మిగిలిన ప్రశ్న. బెల్లీని కేసులో కోర్టు నలుగురి పేర్లు చెప్పింది: జెల్లి, ఆయన సహచరుడు ఉంబెర్తో ఓర్తొలాని, హోంశాఖ నిఘా విభాగంలో పెద్ద అధికారిగా పనిచేసిన ఫెదెరీకో ఉంబెర్తో దమాతో, సెనేటర్‌గా పనిచేసిన మారియో తెదెస్కి. తెదెస్కి 1993లో, దమాతో 1996లో, ఓర్తొలాని 2002లో, జెల్లి 2015లో చనిపోయారు. బెల్లీని విచారణ మొదలైంది 2021లో.