అప్పు తీర్చకపోతే జైలేనా? అపోహలు - వాస్తవాలు

అపోహ: బాకీ ఎగవేసినవాడిని పోలీసులకు చెప్పి లోపల వేయించవచ్చు.

వాస్తవం: ఈ ఒక్క నమ్మకం వల్ల నీళ్లపాలైన డబ్బు అంతా ఇంతా కాదు. ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చి జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశారు. అందులో నాలుగు మడతల ప్రామిసరీ నోటు. రెవెన్యూ స్టాంపు మీదుగా సంతకం, కింద ఇద్దరు సాక్షులు. వంక పెట్టడానికి లేదు. తేదీ చూసి వేళ్ల మీద లెక్కపెట్టాను. 3 ఏళ్ల 11 రోజులు.

"ఇన్నాళ్లూ ఏం చేశారండీ?"

"స్టేషన్ చుట్టూ తిరుగుతున్నాను బాబూ. పిలిపిస్తామంటున్నారు."

కొంత బాకీ ముట్టినట్టు రాసిన చెల్లు ఒక్కటైనా ఉంటుందేమోనని నోటు తిప్పి చూశాను. వెనుక తెల్లగా ఉంది.

తీసుకున్న అప్పు తీర్చలేకపోవడం నేరం కాదు, సివిల్ వివాదం. అడిగిన వెంటనే ఇస్తానని రాసిన నోటు మీద, రాసిన తేదీ నుంచి 3 ఏళ్లలో దావా వేయాలి. ఆ లోపు బాకీదారు కొంత ఇచ్చి, చెల్లు రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ 3 ఏళ్లు. పోలీసులకు ఎన్ని అర్జీలు పెట్టుకున్నా ఈ గడువు ఒక్క పూట కూడా పెరగదు. నోటుకు కాలదోషం పడుతుంది, అంటే గడువు దాటి దావాకు పనికిరాకుండా పోతుంది, అంతే.

అపోహ: తిరిగి ఇవ్వలేదంటే మోసం చేసినట్టే.

వాస్తవం: చట్టం చూసేది ఎగవేసిన రోజును కాదు, తీసుకున్న రోజును. వ్యాపారానికని తీసుకుని నష్టపోయినవాడు మోసగాడు కాడు. ఎప్పుడో అమ్మేసిన స్థలాన్ని తనదేనని చూపించి డబ్బు తీసుకున్నవాడు మోసగాడే. పాత 420 సెక్షన్ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 318(4) వచ్చింది. శిక్ష 7 ఏళ్ల వరకు ఉండవచ్చు. అయితే చాలా ఫిర్యాదులు సొంత రాతతోనే కూలిపోతాయి. "రెండేళ్లు సక్రమంగా వడ్డీ కట్టి, తర్వాత మానేశాడు" అని రాసుకొస్తారు. మొదట్లో అతనికి దురుద్దేశం లేదని మనమే సాక్ష్యం చెప్పినట్టు కాదా?

అపోహ: చెక్కు చెల్లకపోయినా సివిల్ కేసే.

వాస్తవం: కాదు, ఇది క్రిమినల్ కేసే. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద 2 ఏళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. చెక్కు చెల్లలేదని బ్యాంకు ఇచ్చే మెమో అందిన 30 రోజుల్లో, చెక్కు ఇచ్చినవాడికి నోటీసు ఇవ్వాలి. అది అందాక 15 రోజుల్లో డబ్బు రాకపోతే, ఆపై నెలలోగా ఫిర్యాదు వేయాలి. అదీ స్టేషన్‌లో కాదు, నేరుగా మేజిస్ట్రేట్ కోర్టులో.

అపోహ: సివిల్ కేసులో జైలు ప్రసక్తే ఉండదు.

వాస్తవం: ఉంది, అరుదుగా. బాకీ కట్టాలని కోర్టు డిక్రీ (తీర్పు ఉత్తర్వు) వచ్చాక, స్తోమత ఉండీ కట్టనివారిని 3 నెలల వరకు సివిల్ జైలుకు పంపవచ్చు. చేతిలో ఏమీ లేనివారిని కేవలం కట్టలేదని పంపకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. డబ్బు డిక్రీ కింద మహిళలను అరెస్టు చేయకూడదు. జైలుకు వెళ్లొచ్చినా అప్పు రద్దు కాదు. పైగా అతను లోపల ఉన్నన్నాళ్లూ బత్తా (తిండి ఖర్చు) కట్టాల్సింది డిక్రీదారే, అంటే అప్పిచ్చి డిక్రీ తెచ్చుకున్నవాడే. ఈ మాట వినగానే చాలామంది జైలు సంగతి పక్కనపెట్టి, జప్తుకు పనికొచ్చే ఆస్తి ఏముందో ఆరా తీయడం మొదలుపెడతారు.