మళ్ళీ నిండిన మజ్జిగ గ్లాసు

చిరంజీవి చిన్నికి, బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చినప్పుడు టీవీలో సినిమా చూస్తూ చిన్ని ఒక మాట అడిగింది. "హీరో మజ్జిగ సగం తాగేశాడు కదా తాతయ్యా, మళ్ళీ గ్లాసు నిండా ఎలా వచ్చింది? మధ్యలో ఎవరూ పొయ్యలేదే!" అరిసెల హడావిడిలో జవాబు చెప్పలేకపోయాను. ఈలోగా బుజ్జిగాడు "సినిమావాళ్ళకి బుర్ర లేదు" అని తేల్చేశాడు. బుర్ర లేక కాదురా నాన్నా, పని అలాంటిది.

పెళ్ళిభోజనాల్లో బంతులు చూశారుగా. ఒక బంతి లేవగానే ఎంగిలాకులు తీసి, తుడిచి, మళ్ళీ ఆకులు వేసి, ఉప్పుతో మొదలుపెట్టి అన్నీ వరసగా వడ్డించుకొస్తారు. ఇప్పుడు ఒకే మనిషిని పది బంతుల్లోనూ కూర్చోబెట్టారనుకోండి. మొదటి బంతిలో పప్పు కలపడం, నాలుగో బంతిలో ముద్ద ఎత్తడం, ఎనిమిదో బంతిలో మజ్జిగ తాగడం, ఈ ముక్కలు మాత్రం తీసి అతికించి "ఇదిగో, ఒకే భోజనం" అని మనకి చూపించాలి. సినిమాలో భోజనం సీను అచ్చం ఇదే.

కొడుకు భోజనం చేస్తున్నాడు, ఎదురుగా తల్లి ఉంది అనుకోండి. ముందు గదంతా కనబడేలా కెమెరా పెట్టి సీను మొత్తం తీస్తారు. అది మాస్టర్ షాట్. తర్వాత లైట్లు, కెమెరా జరిపి, తల్లి భుజం మీంచి కొడుకు మొహం తీస్తారు. దాన్ని సజెషన్ అంటారు. మళ్ళీ అటు తిప్పి కొడుకు భుజం మీంచి తల్లి మొహం. ఆపైన ఇద్దరి క్లోజప్పులు, ఆకు మీద చెయ్యి, గ్లాసు. ఒక్కో షాట్‌కి నాలుగైదు టేకులు, అంటే అదే షాట్ నాలుగైదుసార్లు తీయాల్సి పడితే, రెండు నిమిషాల సీనుకి పూటంతా పోతుంది. టేక్ మారినప్పుడల్లా అన్నం మళ్ళీ మొదటి ముద్ద దగ్గరికి రావాలి, గ్లాసు మళ్ళీ నిండాలి. మొత్తానికి బంతులు లేస్తూనే ఉంటాయి, తినేవాడు మాత్రం ఒక్కడే.

ఏది ఎక్కడ ఆగిందో కనిపెట్టి ఉండే పనిని కంటిన్యుటీ అంటారు. హాలీవుడ్‌లో దానికి స్క్రిప్ట్ సూపర్‌వైజర్ అని ప్రత్యేకంగా ఒక మనిషి ఉంటారు. మన దగ్గర ఎక్కువగా అసిస్టెంట్ డైరెక్టర్ నెత్తిన పడుతుంది. "మజ్జిగ తాగాడు" అని రాసుకుంటే సరిపోదు. "'రేపు వెళ్ళిపోతానమ్మా' అన్న డైలాగులో 'రేపు' దగ్గర ఎడంచేత్తో గ్లాసెత్తాడు, 'అమ్మా' దగ్గర దించాడు, రెండు వేళ్ళ మందం తగ్గింది" అని రాసుకోవాలి. షాట్ అవగానే ఫోటో తీసుకోవాలి. గోడ గడియారం కనబడితే బ్యాటరీ తీసి ముళ్ళు ఒకచోట నిలబెట్టడం మేలు. లేకపోతే కొడుకు ఒంటిగంటకి ముద్ద కలిపి, నాలుగింటికి నోట్లో పెట్టుకుంటాడు. గాజుగ్లాసైతే మజ్జిగ మట్టం తెలియడానికి వెనకవైపు చిన్న గుర్తు పెట్టుకోవచ్చు. అసలు స్టీలు గ్లాసు పెట్టి ఉంటే చిన్నికి ఈ అనుమానమే వచ్చేది కాదు!

వాటంతటవే మారిపోయేవి మరీ కష్టం. కొవ్వొత్తి, అగరొత్తి, ఐసుముక్క, కాఫీ మీద నురగ, నుదుటి మీద చెమట, కిటికీలోంచి పడే ఎండ. అన్నిటికన్నా పెద్ద చిక్కు గుమ్మం. వీధిలో వాన సీను ఒక ఊళ్ళో తీస్తారు, గుమ్మం దాటాక లోపలి గది ఇంకెక్కడో సెట్‌లో రెండు వారాల తర్వాత తీస్తారు. మన కంటికి ఒక్క అడుగే. ఆ అడుగులో తడిచొక్కా ఆరిపోకూడదు, పక్కపాపిడి నడిమికి రాకూడదు. అందుకే వాన సీనంటే ఒకేలాంటి చొక్కాలు మూడు నాలుగు కుట్టించి పెట్టుకుంటారు.

ఆరితేరిన నటుల్ని గమనించండి. సీనంతా అన్నం కలుపుతూనే ఉంటారు, నోట్లో పెట్టుకునేది ఒకటో రెండో ముద్దలు. ఏ మాట దగ్గర ముద్ద ఎత్తితే ప్రతి టేకులోనూ అక్కడే ఎత్తాలి. పైగా పదో టేకుకి ఎవరి కడుపులో పడుతుంది?

ఇంత చూసుకున్నా గ్లాసు నిండుతుంది. ఎందుకంటే కొన్నిసార్లు ఎడిటర్ తెలిసే వదిలేస్తాడు. ఏడో టేకులో మజ్జిగ మట్టం సరిగ్గా ఉంది, తల్లి కళ్ళే పొడిగా ఉన్నాయి. మూడో టేకులో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, గ్లాసేమో నిండుగా ఉంది. మంచి ఎడిటర్ మూడోదే తీసుకుంటాడు. వాల్టర్ మర్చ్ అని అమెరికాలో పేరున్న ఎడిటర్, షాట్ ఎక్కడ కోయాలో నిర్ణయించడానికి నూటికి మార్కులు వేశాడు. భావానికి 51, మనుషులూ వస్తువులూ ఉన్నచోటే ఉన్నారా అన్నదానికి 4.

ఆ నాలుగు మార్కులు పోయినా మనం పట్టుకోలేం. 1997లో డేనియల్ లెవిన్, డేనియల్ సైమన్స్ అనే ఇద్దరు పరిశోధకులు చిన్న సినిమా ముక్క తీసి పదిమందికి చూపించారు. బల్ల దగ్గర ఇద్దరి కబుర్లు, అంతే. అందులో కావాలనే తొమ్మిది తప్పులు పెట్టారు. ఎర్రపళ్ళేలు తెల్లబడతాయి, మెడలో స్కార్ఫ్ మాయమవుతుంది. ఏదో మారిందన్నది పదిమందిలో ఒక్కరే. తప్పులున్నాయని చెప్పి మళ్ళీ చూపిస్తే సగటున రెండు పట్టుకున్నారు. మా చిన్నప్పుడైతే వెనక్కి తిప్పి చూసే వీలే లేదు. రీలు తెగినప్పుడు ఈలలేసేవాళ్ళమే గాని, గ్లాసు సంగతి ఎవరికి పట్టింది! చిన్ని కళ్ళు మంచివి.

గ్లాసు తప్పు ఒక రకం. లోకంలో ఉన్నదానికి తేడాగా చూపించడం ఇంకో రకం. మీరిద్దరూ చూసిన ఓడ మునిగే సినిమా 'టైటానిక్'లో హీరో జాక్ తన చిన్నప్పుడు విస్సోటా అనే చెరువులో, గడ్డకట్టిన మంచు మీద చేపలు పట్టానంటాడు. అమెరికాలోని ఆ చెరువు ఆనకట్ట కడితే ఏర్పడింది, 1917లో. ఓడ మునిగింది 1912 ఏప్రిల్ 15న. అలాగే చివర్లో హీరోయిన్ రోజ్ నీళ్ళ మీద పడుకుని చూసే ఆకాశం. నీల్ డిగ్రాస్ టైసన్ అనే ఖగోళ శాస్త్రవేత్త, ఆ రాత్రి అక్కడ కనిపించే నక్షత్రాలు అవి కావనీ, పైగా ఆకాశంలో సగం రెండో సగానికి అద్దంలో బొమ్మలా ఉందనీ పట్టుకున్నాడు. దర్శకుడు జేమ్స్ కామెరాన్ 2012లో త్రీడీలో మళ్ళీ విడుదల చేసినప్పుడు ఆ ఒక్క షాట్ మార్చాడు.

చెరువు, చుక్కలు నవ్వుకుని వదిలేయచ్చు. వదలకూడనిది ఒకటుంది. ఆ ఓడలో విలియం మర్డాక్ అని నిజంగానే ఒక ఆఫీసరు ఉండేవాడు. సినిమాలో ఆయన లంచం పుచ్చుకున్నట్టు, ప్రయాణికుణ్ణి కాల్చి తనూ కాల్చుకున్నట్టు చూపించారు. లంచానికి ఆధారమే లేదు. ఆయన ఊరు స్కాట్లాండులోని డాల్బీటీ. ఆ ఊరివాళ్ళు, బంధువులు బాధపడితే, 1998లో స్టూడియో తరఫున ఒకాయన అక్కడికి వెళ్ళి క్షమాపణ చెప్పి, బడిలో మర్డాక్ పేరుమీద ఉన్న బహుమతికి 5,000 పౌండ్లు ఇచ్చాడు. తప్పులు వెతికేటప్పుడు బుజ్జిగా, నవ్వొచ్చే తప్పేదో, ఒకరి మీద నింద పడే తప్పేదో వేరుచేసి చూడు.

ఇక అదే సినిమాలో తప్పు రాకుండా పడ్డ పాట్లు వినండి. మెక్సికోలో సముద్రం ఒడ్డున దాదాపు అసలంత ఓడ కట్టారు. కాకపోతే కుడిపక్కే కట్టారు. ఇంగ్లండులోని సౌతాంప్టన్ రేవులో అసలు ఓడ ఆగింది ఎడమపక్క ఒడ్డుకి ఆనించి. మరి బయల్దేరే సీను ఎలా? అంతా తిరగేసి తీశారు. బోర్డుల మీద అక్షరాలు, టోపీల మీద ఓడ కంపెనీ పేరు, అన్నీ అద్దంలోలా రాయించారు. తర్వాత బొమ్మని కుడిఎడమలు మార్చేస్తే అక్షరాలు చక్కబడి, కుడిపక్క ఎడమపక్క అయిపోయింది.

ఈ ఆదివారం ఆ సీను మళ్ళీ పెట్టుకోండి. అమ్మని అడిగి రిమోట్ తీసుకుని, ఆపి ఆపి చూడండి. మగవాళ్ళ కోటు గుండీలు ఏ పక్కనున్నాయో, ఓడ కదిలాక వచ్చే సీన్లలో ఏ పక్కనున్నాయో కాగితం మీద రాయండి. రోజ్ మొహం మీద పుట్టుమచ్చ కూడా చూడండి, ఎడమా కుడా అని. కాగితం నాకు పంపండి.

మీ
తాతయ్య