తాళం పడిన బీఓఎస్, మళ్లీ రాసుకున్న హైకూ

హైకూ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పాత ల్యాప్‌టాప్‌ను దానితో ఆన్ చేస్తే, తెర మీద వరుసగా ఉన్న చిన్న బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. చివరి బొమ్మ వెలిగిన కాసేపటికే డెస్క్‌టాప్ వచ్చేస్తుంది. కుడివైపు పైమూలన ఒక చిన్న పట్టీ ఉంటుంది. తెరిచిన ప్రతి విండో నెత్తినా ఒక పసుపు ట్యాబ్ ఉంటుంది. విండో పేరు ఎంత పొడవుంటే ట్యాబ్ అంతే ఉంటుంది. విండోస్ మీటను నొక్కి పట్టి ఒక ట్యాబ్‌ను మరొకదాని మీదికి లాగితే రెండు విండోలూ ఒక్కటిగా అతుక్కుంటాయి. ఇది లినక్స్ కాదు, లినక్స్ మీద వేసిన కొత్త ముసుగూ కాదు. వ్యవస్థకు గుండెకాయ లాంటి కెర్నల్ నుంచి గడియారం దాకా వేరే వంశం. అయితే 2018 నుంచి వచ్చిన విడుదలల పేర్లలో బీటా, అంటే తుది రూపానికి ముందు పరీక్షించే దశ, అనే మాట కనిపిస్తుంది. 2001లో మొదలైన పని ఇంకా బీటాలోనే ఎందుకుందని కొత్తగా వచ్చినవారు అడగడం సహజం. దీనికి జవాబు హైకూలో కంటే దాని పూర్వీకుడైన బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కథలోనే ఎక్కువ దొరుకుతుంది.

ఆపిల్‌లో ఉత్పత్తుల విభాగానికి నాయకత్వం వహించిన జాన్-లూయీ గాసే 1990లో ఆ సంస్థను వదిలి బీ ఇన్‌కార్పొరేటెడ్‌ను స్థాపించారు. పాత యంత్రాలతో పొత్తు కలవాలన్న బరువు లేకుండా, ధ్వని, వీడియో వంటి పనుల కోసం ఒక వ్యవస్థను మొదటి నుంచి కట్టాలన్నది ఆయన సంకల్పం. ముందు ఏటీ అండ్ టీ వారి హాబిట్ ప్రాసెసర్‌ను నమ్ముకున్నారు. దాని తయారీ ఆగిపోవడంతో పవర్‌పీసీ అనే మరో ప్రాసెసర్‌కు మారారు. 1995 అక్టోబరులో బీబాక్స్ అనే వారి కంప్యూటర్ బయటికొచ్చింది. అందులో రెండు ప్రాసెసర్లు ఉండేవి. ఏ ప్రాసెసర్ ఎంత పనిలో ఉందో చూపించే దీపాల వరుసలు పెట్టె ముందుభాగాన పైకీ కిందికీ ఆడుతుండేవి. ఇంటి కంప్యూటర్‌లో రెండు ప్రాసెసర్లు అరుదైన ఆ కాలంలోనే దాని మీద నడిచే బీఓఎస్ ప్రతి విండోకూ ఒక సొంత థ్రెడ్, అంటే మిగతావాటితో పాటు విడిగా సాగే పని వరుస, ఇచ్చింది. ఒక విండో ఏదో పనిలో చిక్కుకున్నా మిగతా తెర బిగుసుకుపోకుండా ఉండటానికి అదే ముఖ్య కారణం. హైకూ ఈ రోజు పాత యంత్రం మీద కూడా చురుగ్గా కదలడానికి మూలం అక్కడే ఉంది.

సాంకేతికంగా ఇంత ముందున్నా మార్కెట్‌లో దానికి చోటు దొరకలేదు. 1996లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ కోసం వెతుకుతున్న ఆపిల్ బీతో బేరం ఆడింది, కానీ ధర దగ్గర పొసగలేదు. అదే ఏడాది డిసెంబరులో ఆపిల్ 40 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి స్టీవ్ జాబ్స్ సంస్థ నెక్స్ట్‌ను కొన్నది. ఆ తర్వాతి నెలలోనే బీబాక్స్ తయారీ ఆగింది. 1998లో బీఓఎస్ ఇంటెల్ యంత్రాల మీదికి వచ్చింది. అక్కడ ఎదురుగా మైక్రోసాఫ్ట్ ఉంది. కంప్యూటర్ తయారీదారులతో మైక్రోసాఫ్ట్ చేసుకున్న ఒప్పందాల వల్ల తన వ్యవస్థ కొనేవారి కంటపడే వీలే లేకపోయిందని బీ ఆరోపిస్తూ 2002లో దావా వేసింది. మరుసటి ఏడాది 2.325 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. తప్పు చేశామని మైక్రోసాఫ్ట్ ఒప్పుకోలేదు. ఆ సొమ్ము అందేనాటికి బీఓఎస్‌కు యజమానే మారిపోయాడు.

ఆఖరి పెద్ద విడుదల 2000 మార్చిలో వచ్చిన ఆర్5. దీనిలో ఒక రకాన్ని ఉచితంగా ఇచ్చారు. విండోస్ లోపల ఒక పెద్ద ఫైలుగా కూర్చునేది కాబట్టి, డిస్కును విడదీయకుండానే ఎవరైనా నడిపి చూడవచ్చు. ఉచితం కావడం వల్ల చాలామంది చేతికి చేరింది, కానీ ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠం, అంటే సోర్స్ కోడ్, మాత్రం బీ దగ్గరే ఉండిపోయింది. ఉచితంగా దొరకడం, స్వేచ్ఛగా దొరకడం వేరువేరని ఆ వాడుకరులకు ఏడాదిన్నరలోపే తెలిసివచ్చింది. 2001 ఆగస్టులో చేతిలో ఇమిడే కంప్యూటర్లు చేసే పామ్ సంస్థ 1.1 కోట్ల డాలర్ల విలువైన షేర్లిచ్చి బీ ఆస్తులను కొంటున్నట్లు ప్రకటించింది. పామ్‌కు కావలసింది ఇంజినీర్లు, మేధో సంపత్తి. డెస్క్‌టాప్‌ను కొనసాగించే ఉద్దేశం దానికి లేదు. తమ ఫైళ్లనూ అలవాట్లనూ ఆ వ్యవస్థకు అప్పగించుకున్నవారు తలుపు బయట నిలబడిపోయారు.

రోజుల వ్యవధిలోనే, ఆగస్టు 18న, మైకేల్ ఫిప్స్ అనే ప్రోగ్రామర్ చొరవతో ఓపెన్‌బీఓఎస్ మొదలైంది. అప్పుడు రెండు దారులున్నాయి. లినక్స్ కెర్నల్ తీసుకుని దాని మీద బీఓఎస్ లాంటి పైపొర కట్టడం తేలిక. కొందరు ఆ దారిలో వెళ్లారు కూడా. ఓపెన్‌బీఓఎస్ వారు కష్టమైనది ఎంచుకున్నారు. ఆర్5లో ఉన్నదంతా మళ్లీ రాయాలి. ఆర్5 కోసం తయారైన ప్రోగ్రాములు ఏ మార్పూ లేకుండా కొత్తదాని మీద నడవాలి. ఆ తర్వాతే కొత్త ఆలోచనలు. మొదటి విడుదలకు గీసుకున్న ఈ గీతే ఇరవై ఏళ్ల పనిని నిర్ణయించింది.

బీ ఇంజినీర్లు వ్యవస్థను కిట్‌లుగా (ఒక్కో రకం పనికి ఒక్కో కోడ్ సంచి), సర్వర్‌లుగా (వెనక నడిచే ప్రోగ్రాములు) విడదీసి కట్టడం బాగా కలిసివచ్చింది. ఒక్కో జట్టు ఒక్కో కిట్‌ను పంచుకుంది. తాము రాసిన భాగాన్ని నడుస్తున్న ఆర్5లో పాతదాని స్థానంలో పెట్టి పరీక్షించుకోగలిగింది. కెర్నల్ కోసం బీ మాజీ ఇంజినీర్ ట్రావిస్ గైసెల్‌బ్రెక్ట్ రాసిన న్యూఓఎస్‌ను పునాదిగా తీసుకున్నారు.

నన్ను ఎక్కువగా కదిలించే సంగతి మరొకటి. మూతపడక ముందు బీ రెండే రెండు పెద్ద ముక్కల సోర్స్ కోడ్‌ను బయటపెట్టింది. ఒకటి ఫైళ్లను చూపించే ట్రాకర్, రెండోది మూలన ఉండే పట్టీ, డెస్క్‌బార్. హైకూను తొలిసారి తెరిచినవారి మౌస్ ముందుగా తగిలేది ఈ రెండింటికే. చుట్టూ ఉన్నది దాదాపు అంతా మళ్లీ రాసినదే అయినా, ఆ రెండింటిలో బీ ఇంజినీర్లు రాసిన వరుసలు ఇప్పటికీ ఉన్నాయి. తెరిచి ఉంచినది బతికింది. తాళం వేసినదాన్ని మాత్రం ఊరంతా కూర్చుని మళ్లీ అల్లుకోవలసి వచ్చింది.

పాత ప్రోగ్రాములు నడవాలన్న మాట నిలబెట్టుకోవడానికి అయిన ఖర్చు, సోర్స్ కోడ్‌ను యంత్రం నడిపే ప్రోగ్రాముగా మార్చే కంపైలర్ దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. ఆర్5 ప్రోగ్రాములు జీసీసీ అనే కంపైలర్ 2.95 రూపంతో తయారయ్యాయి. తర్వాతి జీసీసీలు సీ++ కోడ్‌ను పేర్చే పద్ధతే మార్చేశాయి. అందుకే 32 బిట్ హైకూ నేటికీ పాత, కొత్త కంపైలర్ల లైబ్రరీలను రెండింటినీ మోస్తోంది. 64 బిట్ హైకూకు ఆ బరువు లేదు, అయితే పాత ప్రోగ్రాములను అది నడపజాలదు. కొత్తగా చూడాలనుకునేవారికి నా సలహా 64 బిట్‌దే. బీఓఎస్ కాలపు సీడీలు దాచుకున్నవారికి మాత్రం 32 బిట్ కావాలి.

బీఓఎస్ అనే పేరు మీద హక్కులు వేరేవారివి కాబట్టి 2004లో ప్రాజెక్టు పేరు హైకూగా మారింది. బీఓఎస్ బ్రౌజర్ నెట్‌పాజిటివ్ పేజీ దొరకనప్పుడు పొడి హెచ్చరికకు బదులు మూడు పాదాల హైకూ చూపించేది, పేరు అక్కడి నుంచే వచ్చింది. తెలుగులోనూ హైకూలు చదువుకున్న మనకు ఆ ఎంపిక సొగసు సులభంగానే తెలుస్తుంది. మొదటి ఆల్ఫా 2009 సెప్టెంబరులో, నాలుగోది 2012లో వచ్చాయి. ఆ తర్వాత ఆరేళ్ల మౌనం. ఈ మధ్యలోనే ప్యాకేజీల పద్ధతిని సమూలంగా మార్చారు. ఏదైనా అప్‌డేట్ చెడితే యంత్రం లేచేటప్పుడే వెనకటి స్థితిని ఎంచుకునే వీలు దానివల్ల వచ్చింది. 2018లో తొలి బీటా, 2024 సెప్టెంబరులో బీటా 5 వచ్చాయి. పని చేసేవారిలో చాలామంది తమ ఉద్యోగాలు ముగిశాక కూర్చునే స్వచ్ఛంద కార్యకర్తలే. విరాళాలతో నడిచే హైకూ ఇన్‌కార్పొరేటెడ్ ఒక ప్రోగ్రామర్‌కు క్రమం తప్పకుండా సొమ్ము చెల్లించగలిగింది 2021 నుంచే.

ఈ రోజు దీన్ని ప్రయత్నించేవారు ఒకసారి ట్రాకర్‌లో మెయిల్ ఫోల్డరు తెరవాలి. ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలు. పంపినవారి పేరు, విషయం, తేదీ ఆ ఫైలుకే అంటిన లక్షణాలుగా పక్కపక్కనే వరుసల్లో కనిపిస్తాయి. ఫలానావారి నుంచి వచ్చినవి కావాలని క్వెరీ (వెతుకులాట షరతు) రాస్తే జాబితా వెంటనే వస్తుంది, కొత్త ఉత్తరం చేరగానే దానంతట అదే పెరుగుతుంది. 1990ల చివర్లో డొమినిక్ జంపాలో, సిరిల్ మెరియన్ రూపొందించిన బీఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ గొప్పతనం ఇది. హైకూ కోసం దీన్నీ కొత్తగా రాశారు.

రోజువారీ పనికి లిబ్రేఆఫీస్ ఉంది. వైఫై డ్రైవర్లలో చాలా వరకు ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి తెచ్చుకున్నవి. అవి అన్ని యంత్రాల మీదా పనిచేయకపోవచ్చు, కాబట్టి ముందు పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసి, తర్వాతే డిస్కులో ఎక్కించుకోవడం మంచిది. తెలుగు రాసేవారికి ఒక చిక్కుంది. ఫైలు పేరు తెలుగులో పెట్టుకోవచ్చు, అక్షరాలు చెడవు. కానీ హైకూ సొంత ప్రోగ్రాములు అక్షరాన్ని అక్షరం పక్కన పేరుస్తాయే తప్ప కలిపి రాయవు. 'స్త్రీ' అని కొడితే ఒత్తులు కిందికి దిగవు. క్యూటీ అనే పరికరాల కట్టతో చేసిన ప్రోగ్రాములు అక్షరాలను కలిపే పనికి తమ వెంట హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీని తెచ్చుకుంటాయి. హైకూలో ఆ పని చేరవలసిన భాగం, తెర మీద బొమ్మలూ అక్షరాలూ గీసే యాప్ సర్వర్. దాని సోర్స్ కోడ్ ఎంఐటీ లైసెన్సు కింద ఎవరైనా చదివి దిద్దడానికి సిద్ధంగా ఉంది.