అటవీ హక్కులు: "కాగితం లేదు బాబూ" అని వెనక్కి తగ్గకండి

శ్రీకాకుళం, విజయనగరం కొండ ఊళ్లలో అటవీ హక్కుల దరఖాస్తులు రాయించడం నా పని. ఏ ఊరికెళ్లినా ముందు వినపడే మాట, "మాకు కాగితం లేదు బాబూ, ఏం రాదు." ఇంతకన్నా ఎక్కువ నష్టం చేసిన అపోహ నేను చూడలేదు. ఇది నమ్మి అసలు దరఖాస్తే పెట్టని ఊళ్లున్నాయి. పాత రికార్డు తెప్పిస్తామన్న దళారుల చేతిలో చింతపండు అమ్మిన డబ్బులు పోసిన కుటుంబాలున్నాయి.

2006 అటవీ హక్కుల చట్టం నియమాల్లో 13వది చదివించుకోండి. సర్కారు రికార్డు ఒక్కటే సాక్ష్యం కాదు. దరఖాస్తుదారు కాని ఊరిపెద్ద చెప్పింది రాసి పెడితే అదీ సాక్ష్యమే. గట్టు, పాత బావి, శ్మశానం, దేవత తోపు, దుంపలు తవ్వుకునే చోటు, పశువులు మేసే మెట్ట, అన్నీ లెక్కలోకి వస్తాయి. వీటిలో కనీసం రెండు ఉండాలి, అంతే. ఫలానా కాగితమే తెమ్మని, గ్రామసభ పంపిన దరఖాస్తులు చూసే పై కమిటీలు పట్టుబట్టకూడదని 2012 సవరణ చెబుతోంది. శాటిలైట్ ఫొటో వీటికి తోడు మాత్రమే.

మందస వైపు ఒక సవర గిరిజనుల ఊళ్లో సామూహిక హక్కు, అంటే అడవి మీద ఊరంతటికీ కలిపి ఇచ్చే హక్కు కోసం హద్దులు నడిచాం. కుర్రాళ్లు ఫోన్‌లో మ్యాప్ చూస్తుంటే ఒక ముసలమ్మ ముందు నడిచింది. గెడ్డ (వాగు) దాటాక ఆగి, విస్తళ్లు కుట్టే అడ్డాకు ఏ వాలులో కోస్తారో, కొండచీపురు ఎటు దొరుకుతుందో, ఎండాకాలంలోనూ ఊట ఆరని రాయి ఏదో చేత్తో చూపించింది. చెప్పింది చెప్పినట్టు రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించాం. మా ఫైల్లో అంత గట్టి కాగితం ఇంకోటి లేదు.

మిగతా పుకార్లకు ఎక్కువ టైం ఇవ్వను. షెడ్యూల్డ్ ఏరియా (సర్కారు ప్రకటించిన గిరిజన ప్రాంతం) బయట ఉన్న గిరిజన ఊళ్లకూ ఈ చట్టం వర్తిస్తుంది. అటవీ శాఖ ఊళ్లో పెట్టించిన వన సంరక్షణ సమితి ఉన్నంత మాత్రాన సామూహిక హక్కు వచ్చినట్టు కాదు, దానికి వేరే దరఖాస్తు పెట్టాలి. ఇప్పుడు చెట్లు కొట్టి పోడు వేస్తే పట్టా రాదు, 2005 డిసెంబర్ 13 నాటికే సాగులో ఉండాలి. వచ్చిన పట్టా పిల్లలకు దక్కుతుంది, అమ్మడానికి వీల్లేదు.

తిరస్కరించారని టెన్షన్ పడకండి. కారణం రాతలో అడిగి తీసుకోండి, 60 రోజుల్లో పై కమిటీకి వెళ్లండి. పరిశీలన పూర్తయ్యేదాకా సాగు భూమి నుంచి మిమ్మల్ని ఖాళీ చేయించకూడదని సెక్షన్ 4(5)లో ఉంది.