ప్రయోగాత్మక టైపోగ్రఫీ చదువు: అపోహలు - వాస్తవాలు

డిజైన్ విద్యార్థులకు టైపోగ్రఫీ, అంటే అక్షరాలను ఎంచుకుని పేజీ మీద అమర్చే పని, చెప్పడం నా వృత్తి. అడ్వాన్స్‌డ్ టైపోగ్రఫీ కోర్సు మొదలయ్యే సరికి పిల్లల్లో ఉత్సాహమూ ఉంటుంది, టెన్షనూ ఉంటుంది. వాటితో పాటు సీనియర్ల దగ్గర విన్నవి, సోషల్ మీడియాలో చూసినవి కొన్ని నమ్మకాలు కూడా ఉంటాయి. వాటిలో కొన్ని చదువుకి నిజంగానే అడ్డం పడుతున్నాయి.

అపోహ: చదవడానికి వీల్లేకుండా చేస్తేనే ప్రయోగం.

దీనికి అందరూ చూపించే సాక్ష్యం గ్రాఫిక్ డిజైనర్ డేవిడ్ కార్సన్. 1994లో ఆయన రే గన్ అనే అమెరికన్ సంగీత పత్రికలో ఒక ఇంటర్వ్యూ మొత్తాన్ని జాఫ్ డింగ్‌బ్యాట్స్‌లో, అంటే అక్షరాల్లేని గుర్తుల ఫాంట్‌లో వేశారు. అదే సంచిక చివర్లో ఆ ఇంటర్వ్యూని చదవగలిగే అక్షరాల్లో కూడా వేశారన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

ప్రయోగానికి ముందు ఒక ప్రశ్న ఉండాలి. ఒక్క అంశాన్నే మార్చి, మిగతావన్నీ కదపకుండా ఉంచి, ఏం జరిగిందో చూసి రాసుకోవాలి. పది ఎఫెక్టులు ఒకేసారి వేసిన పోస్టర్ ఎంత బాగున్నా, దాని నుంచి ఏం తెలిసిందని అడిగితే జవాబు రాదు. నేను మార్కులు వేసేది ఆ జవాబుకే.

అపోహ: ఇవన్నీ ఇంగ్లిష్ అక్షరాలకు. తెలుగు లిపి ప్రయోగాలకు లొంగదు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టే మాట ఇది. తెలుగు ఇంట్లో పుట్టిన విద్యార్థులే ఈ మాట అని, ప్రాజెక్టు మొత్తం హెల్వెటికా అనే ఇంగ్లిష్ ఫాంట్‌లో చేసి తెస్తారు.

ఒక్క పరీక్ష చేసి చూడండి. దినపత్రికలో ఒక లైను తీసుకుని కింది సగాన్ని కాగితంతో మూసి చదవండి. తర్వాత పై సగాన్ని మూయండి. ఇంగ్లిష్‌లో అయితే కింది సగం మూసినా చాలావరకు చదివేయొచ్చు, అక్షరాన్ని గుర్తుపట్టించే పని ఎక్కువగా పై సగానిదే. తెలుగులో ఈ లెక్క కుదరదు. పైన మూస్తే తలకట్టు, గుడి, ఎత్వం పోతాయి. ‘కి’ ఏదో ‘కె’ ఏదో తెలియదు. కింద మూస్తే వత్తులు పోతాయి, ‘ద’కీ ‘ధ’కీ, ‘డ’కీ ‘ఢ’కీ తేడా చెప్పే చిన్న నిలువు గీత కూడా పోతుంది. మన లిపిలో సమాచారం పైనా కిందా పరుచుకుని ఉంది. ఇది తెలిశాక లైన్ల మధ్య ఖాళీ గురించి ఇంగ్లిష్ పుస్తకంలో చదివిన సూత్రం ఎందుకు సరిపోదో అర్థమవుతుంది. పది పాయింట్ల అక్షరానికి పన్నెండు పాయింట్ల లీడింగ్ (ఒక లైను నుంచి తర్వాతి లైనుకు దూరం) ఇస్తే, పై లైనులో ‘రాష్ట్రం’ కింద వేలాడే వత్తులు కింది లైనులోని ‘కీ’ నెత్తిన పడతాయి.

ఇంకొకటి. ‘థ’, ‘ఠ’ అక్షరాల నడుమ ఒక చుక్క ఉంటుంది కదా. అక్షరం లావు పెంచుతూ పోతే ఆ చుక్క చుట్టూ ఉన్న ఖాళీ ఇరుకై, చివరికి పూడుకుపోతుంది. అప్పుడు చుక్కను తగ్గించాలా, గీతను లోపలివైపు పల్చన చేయాలా, అక్షరాన్నే వెడల్పు చేయాలా? ఈ ఒక్క ప్రశ్న మీద ఒక సెమిస్టర్ పని చేయొచ్చు. 2022లో ఏక్ టైప్ సంస్థ విడుదల చేసిన అనెక్ తెలుగు అనే వేరియబుల్ ఫాంట్ (లావు, వెడల్పు జరుపుకోగలిగే ఫాంట్) గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. లావును 100 నుంచి 800 దాకా జరుపుతూ ‘థ’ లోపల ఏం మారుతోందో గమనించండి. తర్వాత సొంతంగా గీయండి.

తెలుగులో ఇలాంటి సంప్రదాయమే లేదనేవాళ్లకు బాపు చేతిరాత చాలు. ఆ రాత ఫాంటుగా మారి పెళ్లి శుభలేఖల దాకా వచ్చింది.

అపోహ: నియమాలు పూర్తిగా వచ్చాకే ప్రయోగం. (లేదా: ప్రయోగానికి నియమాలతో పనిలేదు.)

ఈ రెండూ తప్పే. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో 1968 నుంచి టైపోగ్రఫీ పాఠాలు చెప్పిన వోల్ఫ్‌గాంగ్ వైన్‌గార్ట్‌ని చూడండి. అక్షరాల మధ్య ఖాళీని విపరీతంగా పెంచడం, పేరాలను మెట్లుమెట్లుగా పేర్చడం, ప్రింటింగ్ ఫిల్ములు ఒకదాని మీద ఒకటి వేయడం ఆయన పద్ధతులు. అయితే అంతకు ముందు ఆయన సీసపు అక్షరాలను చేత్తో పేర్చే కంపోజిటర్‌గా శిక్షణ పొందారు. ఏది ఎక్కడిదాకా వంగుతుందో ఆ చేతికి తెలుసు. ఆయన దగ్గర చదివిన ఏప్రిల్ గ్రీమన్ 1986లో డిజైన్ క్వార్టర్లీ పత్రిక సంచికనే మాకింటాష్ కంప్యూటర్ మీద ఒక పెద్ద మడత పోస్టర్‌గా చేశారు. గురువుగారి స్టైల్‌ని కాపీ కొట్టకుండా, చేతికొచ్చిన కొత్త పనిముట్టును ప్రశ్నించే అలవాటును ఆమె తీసుకున్నారు. నియమం, ప్రయోగం పక్కపక్కనే నేర్చుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

అపోహ: సాఫ్ట్‌వేర్ వస్తే టైపోగ్రఫీ వచ్చినట్టే.

పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు వత్తులు విడివిడిగా పడితే, అదే ప్రయోగం అనుకుని సబ్మిట్ చేసేవాళ్లున్నారు. అది సెట్టింగ్ సమస్య. పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టుకుంటే వత్తులు సరిగ్గా కూర్చుంటాయి. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో టైప్ చేసిన మేటర్‌ని యూనికోడ్ ఫాంట్‌లోకి నేరుగా మార్చితే వచ్చే గజిబిజి కూడా అలాంటిదే, ముందు కన్వర్టర్‌లో వేయాలి. కత్తెర, జిగురు, జిరాక్స్ మెషీన్ ఉన్నా ఈ కోర్సులో సగం పని అయిపోతుంది.

అపోహ: బొమ్మలు బాగా వేసేవాళ్లకే, ఆర్ట్స్ చదివినవాళ్లకే సీటు.

ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా బీడిజైన్ (డిజైన్ డిగ్రీ) కోసం యూసీడ్, ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) డాట్ ప్రవేశ పరీక్షలు రాయొచ్చు. డిగ్రీ అయ్యాక ఎండిజైన్‌కి (పీజీ) సీడ్ పరీక్ష ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ విభాగం, మన దగ్గరే ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్ ఉన్నాయి.

అపోహ: దీంతో ఉద్యోగం రాదు.

సినిమా టైటిళ్లు, యాప్‌లు, ప్యాకేజింగ్, వార్తా సైట్లు, అన్నిచోట్లా తెలుగు అక్షరం కావాలి, దాన్ని లోతుగా చూడగలిగేవాళ్లు తక్కువ. పోర్ట్‌ఫోలియోలో పూర్తయిన పోస్టర్లు మాత్రమే పెట్టకండి. ‘థ’ చుక్క కోసం గీసిన ముప్పై రకాల స్కెచ్‌లు, వాటిలో ఏది ఎందుకు వదిలేశారో పక్కన రెండు ముక్కలు, అవి కూడా పెట్టండి. ఇంటర్వ్యూకి కూర్చున్నప్పుడు నేను ముందు తిప్పేది ఆ పేజీలే.