వేవిళ్లలో ఏం తినాలి? సరిహద్దు ఊళ్లలో వినిపించే అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగు కుటుంబాల గర్భిణులను చూసే నర్సుగా నేను తరచూ వినే మాట ఒకటుంది: "వేవిళ్లతో ఏదీ ఇమడటం లేదండీ, ఏం పెట్టమంటారు?" అడిగేది ఎక్కువగా అత్తగారే. నేను కోడలి వైపు తిరిగి, "పొద్దున్న లేవగానే ఏం తీసుకున్నావమ్మా?" అంటే, "టీ తాగానండి, ఇంకేమీ తినలేదు" అనే జవాబే చాలాసార్లు వస్తుంది.

అపోహ: వాంతులవుతున్నప్పుడు కడుపు ఖాళీగా ఉంచితే అవే తగ్గుతాయి.

వాస్తవం: ఖాళీ కడుపుతో వికారం పెరుగుతుంది; ఒకేసారి కడుపు నిండా తిన్నా పెరుగుతుంది. అందుకే మరమరాలో, వేయించిన అటుకులో, రెండు రస్కులో రాత్రే ఒక డబ్బాలో పోసి తలగడ పక్కన పెట్టుకుని, తెల్లవారి మంచం దిగకముందే గుప్పెడు నెమ్మదిగా నమిలి, పావుగంట ఆగి లేవమని చెబుతాను. ఆ తరువాత రెండు గంటలకోసారి కొద్దికొద్దిగా తింటూ, నీళ్లు భోజనంతో పాటు కాకుండా మధ్యమధ్యలో గుక్కెడు గుక్కెడుగా తాగాలి. పరగడుపున టీ మాత్రం మానుకోవాలి.

అపోహ: గర్భిణి వేడివేడిగానే తినాలి, చల్లారినది పడదు.

వాస్తవం: వేవిళ్లలో చాలామందిని బాధపెట్టేది రుచి కన్నా వాసనే. వేడి అన్నం ఆవిరి, పోపు ఘాటు, ఎండుచేపల వేపుడు వాసన తగలగానే కడుపులో తిప్పుతుంది, చల్లారిన ఆహారానికి ఆ వాసన తక్కువ. రెండో నెలలో నా దగ్గరకు వచ్చిన ఒక అమ్మాయి, ఆవాలు చిటపటమనగానే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తేది. పొయ్యి పని అత్తగారు తీసుకుని, చల్లారిన అన్నంలో పెరుగు, ఉప్పు కలిపి, పక్కన నిమ్మచెక్క పెట్టి ఇవ్వడం మొదలుపెట్టాక ఆమెకు పూటకు నాలుగు ముద్దలైనా ఇమిడాయి. ఆ ఇంట్లో మందు కన్నా ముందు పనిచేసింది ఆ అత్తగారి చెయ్యే. మన వైపు అలవాటైన పఖాళ కూడా మంచిదే, అయితే అప్పటికప్పుడు వండిన అన్నంలో కాచి చల్లార్చిన నీళ్లు పోసి చేసిన సజ పఖాళ అయి ఉండాలి. రాత్రంతా బయట ఉంచి పులియబెట్టిన బాసి పఖాళలో క్రిములు పెరిగే వీలుంది గనుక, ముఖ్యంగా ఎండాకాలంలో, గర్భిణులకు నేను వద్దంటాను.

అపోహ: వాంతులు ఎక్కువైతే ఆడపిల్ల, అసలు లేకపోతే గర్భం నిలవదు.

వాస్తవం: రెండూ నమ్మదగినవి కావు. మావి నుంచి వచ్చే జీడీఎఫ్15 అనే హార్మోనుకు, తల్లి శరీరం దానికి ఎంతగా స్పందిస్తుందన్న దానికి వేవిళ్లతో గట్టి సంబంధం ఉందని 2023లో ప్రచురితమైన పరిశోధన చూపింది. ఇవి సాధారణంగా ఆరో వారం ప్రాంతంలో మొదలై, తొమ్మిదో వారం చుట్టుపక్కల ముదిరి, చాలామందిలో నాలుగో నెలకు తగ్గుతాయి. ఒక్క వాంతి కూడా లేకుండా పండంటి బిడ్డను కన్న తల్లులు ఎందరో ఉన్నారు.

అపోహ: అల్లం వేడి చేస్తుంది, గర్భం పోతుంది.

వాస్తవం: వంటలో వాడే మోతాదులో అల్లం వికారాన్ని కొంత తగ్గిస్తుంది, హాని చేయదు. రక్తం పలచబడే మందులు వాడేవారు మాత్రం ముందుగా డాక్టరును అడగాలి.

అపోహ: అంగన్‌వాడీలో ఇచ్చే ఛతువా, మాత్రలు వాంతి తెప్పిస్తాయి కాబట్టి పక్కన పడేయాలి.

వాస్తవం: గోధుమ, శనగ, వేరుశనగ, చక్కెరతో చేసే ఛతువాను వేడిగా, చిక్కగా తాగలేనివారు రెండు చెంచాలే తీసుకుని చల్లని మజ్జిగలో పలచగా కలుపుకోవచ్చు, చల్లార్చిన చోడి (రాగి) జావ కూడా అలాగే ఇముడుతుంది. మొదటి మూడు నెలల్లో ఇచ్చేది ఫోలిక్ ఆమ్లం మాత్ర, దానిని మానకూడదు. కడుపులో తిప్పేలా చేసేది సాధారణంగా ఇనుము మాత్ర. అది నాలుగో నెల నుంచి మొదలవుతుంది, రాత్రి భోజనమయ్యాక వేసుకుంటే చాలామందికి సరిపడుతుంది, టీతో మాత్రం వేసుకోకూడదు.

అపోహ: కడుపుతో ఉన్నవారి వాంతులన్నీ వేవిళ్లే.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఈ మాటే. వేవిళ్లకు జ్వరం రాదు. మలేరియా ఉన్న మన కొండ ప్రాంతాల్లో గర్భిణికి జ్వరంతో వాంతులైతే, ఆ రోజే ఆశా కార్యకర్త చేత రక్తపరీక్ష చేయించాలి. రోజంతా గుక్కెడు నీళ్లు కూడా ఇమడకపోయినా, మూత్రం తగ్గి ముదురు రంగుకు మారినా, లేస్తే కళ్లు తిరుగుతున్నా, యాభై కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గినా, వాంతిలో రక్తం కనిపించినా, కడుపునొప్పి వచ్చినా ఇంటి చిట్కాలతో కాలం గడపకూడదు. అయిదో నెల దాటాక కొత్తగా వాంతులు మొదలై, తలనొప్పి, చూపు మసకబారడం తోడైతే బీపీ వెంటనే చూపించాలి. ఇంట్లో మిగిలిపోయిన మాత్రలేవీ వేయకుండా, లీటరు నీటిలో ఒక ఓఆర్‌ఎస్ పొట్లం మొత్తం కలిపి, దారిలో చెంచా చెంచాగా తాగిస్తూ ఆసుపత్రికి తీసుకురండి. బండి దొరకకపోతే 108కి ఫోన్ చేయండి.