అంతా పైపొరల్నే ఉంది

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కి వచ్చే పత్తి కొంచెం తీస్కొని, గింజ తీసేసి చెంబెడు నీళ్ళల్ల వేసి చూడుండ్రి, ఎంతసేపైనా మునగది, పైన్నే తేల్తుంటది. అదే మెడికల్ షాపుల కొన్న దూదైతే కొన్ని సెకన్లల్ల నీళ్ళు పీల్చుకొని అడుగుకు పోతది. రెండూ పత్తే, రెండిట్ల ఉన్నది సెల్యులోజ్ అనే పాలిమరే, అంటే చిన్న చిన్న అణువులు గొలుసు లెక్క కలిసిన పొడుగు అణువే. తేడా ఏందంటే పత్తి పోగు మీద పుట్టుకతోనే సన్నటి మైనం పొర ఉంటది, బరువు చూస్తే ఒక్క శాతం అటూఇటూ, దూది చేసేటోళ్ళు కాస్టిక్ సోడాల ఉడకబెట్టి దాన్ని తీసేస్తరు. సెల్యులోజ్‌కు నీళ్ళంటే మస్తు ఇష్టం, గని మైనం అడ్డమున్నంత సేపు నీళ్ళు దాని దాకా రానే రావు.

నీళ్ళకైనా, రక్తానికైనా, బ్యాక్టీరియాకైనా ముందు తగిలేది పైనున్న కొన్ని నానోమీటర్లే, నానోమీటరంటే మిల్లీమీటర్ల పది లక్షలో వంతు. అందుకే సైంటిస్టులు వస్తువు మొత్తం మార్చే తిప్పలు పడకుండ, గాజైనా బంగారమైనా ప్లాస్టికైనా దాని మీద కావల్సిన పాలిమర్‌ని పల్చగ మొలిపిస్తున్నరు. ఊరికె పూస్తే ఊడొస్తది కాబట్టి కెమికల్ బాండ్‌తోనే పట్టిస్తరు, బంగారం మీదైతే సల్ఫర్ ఉన్న అణువులు, గాజు మీదైతే సిలేన్లు అనే సిలికాన్ ఉన్న అణువులు.

ఇందుల అసలు కిటుకు ఒకటుంది. తయారైన పొడుగు పాలిమర్ గొలుసులు తెచ్చి అంటిద్దామంటే ముందొచ్చినయి జాగంతా ఆపుకుంటయ్, ఎనకొచ్చినయి దూరలేవు. గందుకని ఇనిషియేటర్లు అనే చిన్న అణువుల్ని ముందుగాల దగ్గరదగ్గర నాటి, అక్కడికెల్లే గొలుసుని ఒక్కో ముక్క కలుపుకుంట పెంచుతరు. నారుమడిల వడ్లు ఒత్తుగ చల్లితే మొలకలు పక్కకు వాలే జాగ లేక నిలువుగ లేస్తయ్ కదా, ఈ గొలుసులు కూడా గట్లనే నిటారుగ నిలబడ్తయ్. దీన్నే పాలిమర్ బ్రష్ అంటరు. 1995ల అమెరికాల మత్యషెవ్‌స్కీ, జపాన్ల సవమోటో అనే కెమిస్టులు ఎవరికి వాళ్ళు కనిపెట్టిన ఏటీఆర్‌పీ అనే పద్ధతి వచ్చినంక, గొలుసు ఎంత పొడుగు పెరగాల్నో మన చేతిలకొచ్చింది.

నాకు బాగా నచ్చింది మాత్రం పీనైపామ్ అనే పాలిమర్. 32 డిగ్రీల కింద ఉంటే నీళ్ళు పట్టుకొని ఉబ్బుతది, దాటిందంటే నీళ్ళు వదిలి ముడుచుకుంటది. టోక్యోల తెరువో ఒకనో టీమ్ ల్యాబుల కణాలు పెంచే ప్లాస్టిక్ గిన్నె అడుగున దీన్ని ఎలక్ట్రాన్ బీమ్‌తోని పట్టించిన్రు. 37 డిగ్రీల కాడ కణాలు దాన్ని అంటుకొని చక్కగ పెరుగుతయ్, 20కి దించితే పొర ఉబ్బి కణాలన్నీ ఒక్క షీట్ లెక్క ఊడొస్తయ్. మామూలుగైతే ట్రిప్సిన్ అనే ఎంజైమ్ పోసి ఊడదీయాలె, అది కణాల నడుమ ప్రొటీన్లని కూడా తెంపేస్తది. పొర మందం 20 నానోమీటర్ల దగ్గర ఉంటేనే ఈ పని అయితది, 30 దాటితే కణాలు అసలే అంటుకోవు, పది నానోమీటర్లల్ల కథంతా మారిపోతది! (వరంగల్ల మే నెలల ఏసీ లేని రూముల ఈ ప్రయోగం పెట్టుకుంటే ఆ గిన్నె 32 కిందికి ఎన్నడు దిగాలె, కణాలు ఎన్నడు ఊడాలె.)

2004ల జపాన్ డాక్టర్లు కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) పాడైన నలుగురు పేషెంట్లకు వాళ్ళ నోటి లోపలి కణాలే తీసి, గిసొంటి గిన్నెలల్ల షీట్లుగ పెంచి కంటి మీద పెట్టిన్రు. నలుగురికీ చూపు మెరుగైంది. ఒక్క కుట్టు కూడా వెయ్యలే, షీట్ అడుగున అంటుకునే ప్రొటీన్లు చెక్కుచెదరకుండ ఉన్నయ్ కాబట్టి నిమిషాలల్లనే అది కంటికి పట్టుకుంది.